నచ్చిన పరుగు బూట్ల మోడల్ ఆగిపోయింది, దానికి సరితూగే జత ఎలా వెతకాలి?

పానగల్ కట్ట (నల్లగొండ)

అందరికీ నమస్కారం. ఆరేళ్లుగా ఒకే మోడల్ బూట్లతో పరుగెడుతున్నాను. వారానికి ఇరవై కిలోమీటర్లకు తగ్గకుండా పరుగు. ఇప్పటికి ఏడు జతలు అరిగాయి. ఒకటి అరిగే సమయానికి అదే మోడల్ మరొకటి తెచ్చుకునేవాడిని, ఆలోచించాల్సిన పనే ఉండేది కాదు.

ఈసారి ఆ మోడల్ దొరకలేదు. పేరు అదే, పేరు పక్కన సంఖ్య మారింది. సంఖ్యతో పాటు లోపల బూటే మారిపోయిందని తెలియక కొన్నాను. మొదటి వారంలోనే కుడికాలి చిటికెన వేలు ఒరుసుకుని బొబ్బ లేచింది. రెండో వారానికి పిక్కలు పట్టేశాయి. ఉదయం లేవగానే ఇంటి మెట్లు దిగడానికి గోడ పట్టుకోవలసి వస్తోంది. కంపెనీ పేరు రాయను. అదే జత మరొకరి పాదానికి హాయిగా ఉండవచ్చు.

నా దారి చెబుతాను. గడియారం సెంటర్ నుంచి పానగల్ వరకు తారు రోడ్డు, ఛాయా సోమేశ్వరాలయం దాటాక ఉదయసముద్రం కట్ట మీద మొరం. పాత బూటు ఒక్కొక్కటి 285 గ్రాములు, కిరాణా కొట్టు కాటా మీద తూచాను. మడమ దగ్గర గట్టిగా పట్టుకుంటుంది, వేళ్ల దగ్గర విశాలంగా ఉంటుంది. నాకు నలభై మూడేళ్లు, బరువు 74 కిలోలు. దీనికి సరితూగే జత ఏదో చెప్పగలరా?

షాద్‌నగర్ స్టేషన్

అన్నా, నైకీ పెగాసస్ తీసుకోండి. నేను వాడుతున్నాను, చాలా బాగుంది.

పాలమూరు పీడీ (మహబూబ్‌నగర్)

తమ్ముడూ, ఇరవై ఏళ్లకు పైగా పిల్లలను మైదానంలో పరుగెత్తిస్తున్నాను. బూట్ల గురించి నన్ను అడిగిన ప్రతివారికీ మొదట చెప్పే మాట, పేరును నమ్ముకోవద్దు. షాద్‌నగర్ మిత్రుడు పెగాసస్ అన్నాడు. మంచి బూటే. కానీ ఆ పేరు 1983 నుంచి ఉంది. 2020లో వచ్చిన 37వ సంఖ్యలో అడుగు అట్టలోని మెత్తని ఫోమ్ మార్చి, ముందుపాదం కింద గాలి సంచి పెట్టారు. 2024లో వచ్చిన 41లో ఫోమ్ మళ్లీ మారింది. ఏ సంఖ్య బాగుందో చెప్పకుండా పెగాసస్ బాగుందంటే, ఊరి పేరు చెప్పి ఇంటి నంబరు చెప్పనట్లే. ఇది అన్ని కంపెనీల్లోనూ జరుగుతుంది. ఏసిక్స్ నింబస్ 2023లో 25వ సంఖ్యకు రాగానే అట్ట అంతకు ముందుకన్నా బాగా ఎత్తయింది. 24 వాడినవారికి అది కొత్త బూటు కిందే లెక్క.

అందుకే నీ పాత జతను పక్కన పెట్టుకుని దాని లెక్కలు రాయి. ఆరేళ్లు నీ కాలికి సరిపోయింది ఆ లెక్కలే. అవే లెక్కలు మరో కంపెనీ బూటులో ఉన్నా నీ కాలు పోల్చుకుంటుంది.

మిర్యాలగూడ ఫిజియో

పానగల్ కట్ట గారూ, చిటికెన వేలి బొబ్బ ఒక సమస్య, పిక్కల నొప్పి మరో సమస్య. రెండింటికీ ఒకే కారణం ఉండనక్కరలేదు. బొబ్బ వెడల్పు చాలక వస్తుంది. పిక్కల సంగతి చూడాలంటే డ్రాప్ తెలియాలి. డ్రాప్ అంటే మడమ కింద అట్ట మందానికీ ముందుపాదం కింద మందానికీ ఉన్న తేడా. పాతకాలపు పరుగు బూట్లలో ఇది 10 నుంచి 12 మిల్లీమీటర్లు ఉండేది. ఇప్పుడు 8, 6, 4 ఉన్నవి చాలా వస్తున్నాయి, సున్నా ఉన్నవీ ఉన్నాయి. డ్రాప్ తగ్గితే మడమ కిందికి దిగుతుంది, అడుగడుక్కీ పిక్క కండరం, మడమ వెనక నరం (అకిలిస్ టెండన్) ఎక్కువ సాగి ఎక్కువ పని చేయాల్సి వస్తుంది. డ్రాప్ పెరిగితే ఆ భారం మోకాలి వైపు జరుగుతుంది.

పాత జత డ్రాప్ ఎంత? కొత్తదానిది ఎంత? పెట్టె మీద సాధారణంగా రాయరు. కంపెనీ వెబ్‌సైటులో ఆ మోడల్ వివరాల్లో చూడండి. నొప్పి పిక్క మధ్యలో ఉందా, మడమకు కాస్త పైన నరం మీద ఉందా అనేది కూడా చెప్పండి. నరం మీద అయితే ఆ కొత్త బూట్లు ఈ రోజు నుంచే ఆపేయండి.

పానగల్ కట్ట

మేడం, నొప్పి పిక్క మధ్యలోనే. నరం మీద నొక్కితే ఏమీ లేదు. కొత్తదాని డ్రాప్ 6 అని వెబ్‌సైటులో ఉంది. పాతదాని పేజీ తీసేశారు, వివరాలు ఎక్కడా లేవు.

ఆరో జత ఇంకా ఇంట్లోనే ఉంది, మొక్కలకు నీళ్లు పెట్టేటప్పుడు వేసుకుంటాను. దాన్ని నిలువుగా కోసి కొలిస్తే తెలుస్తుందా?

మిర్యాలగూడ ఫిజియో

తెలుస్తుంది. లోపలి పొడవులో మడమ వైపు నుంచి 12 శాతం దూరంలో ఒకసారి, 75 శాతం దూరంలో ఒకసారి కొలవండి. వరల్డ్ అథ్లెటిక్స్ పోటీ బూట్ల అట్ట మందాన్ని కొలిచేది ఆ రెండు చోట్లే. పొడవు 27.5 సెంటీమీటర్లు అనుకుంటే 33 మిల్లీమీటర్ల దగ్గర ఒకటి, 206 దగ్గర ఒకటి.

గడియారం సెంటర్ చెప్పుల కొట్టు (నల్లగొండ)

సార్, మీరు మా కొట్టు ముందు నుంచే పరుగెడతారని ఇప్పుడు అర్థమైంది. బూటు కొలిచే ముందు పాదం కొలవండి. మా దగ్గరికి వచ్చేవారిలో చాలామందికి తమ కాలి కొలత తెలియదు. పదేళ్ల కిందట ఎవరో చెప్పిన నంబరు చెబుతారు.

సాయంత్రం కొలవాలి. పగలంతా నిలబడ్డాక పాదం కాస్త ఉబ్బుతుంది, పరుగులోనూ అలాగే ఉబ్బుతుంది. గోడకు మడమ ఆనించి, తెల్ల కాగితం మీద నిలబడి, పెన్సిలును నిట్టనిలువుగా పట్టుకుని చుట్టూ గీయండి. పెన్సిలు వాలితే కొలత తప్పుతుంది. రెండు పాదాలూ గీయండి, పెద్దదానికే బూటు కొనాలి. పొడవైన వేలి ముందు బొటనవేలు అడ్డం పట్టేంత చోటు ఉండాలి.

నంబరు అన్ని కంపెనీల్లో ఒకటి కాదు. బ్రిటన్ సైజు 8 అంటే నైకీలో 27 సెంటీమీటర్లు, అడిడాస్‌లో 26.5. బూటు నాలుక లోపలి చీటీ మీద సెంటీమీటర్లు కూడా అచ్చు వేస్తారు, ఆ అంకె చూసి తీసుకోండి. వెడల్పుకు అక్షరాలు ఉంటాయి. మగవారి బూట్లలో డి మామూలు, 2ఈ వెడల్పు, 4ఈ ఇంకా వెడల్పు. ఆడవారికి బి మామూలు, డి వెడల్పు. ఏసిక్స్, న్యూ బ్యాలెన్స్ ఇలా వెడల్పుల్లో తయారు చేస్తాయి. మన జిల్లా కొట్లలో 2ఈ నిల్వ ఉంచేవారు లేరనే చెప్పాలి, నేను కూడా తెప్పించను, ఎందుకంటే అడిగేవారు లేరు. అది హైదరాబాద్‌లోనో ఆన్‌లైన్‌లోనో చూసుకోవాల్సిందే.

నల్లమల దారి (అచ్చంపేట)

డ్రాప్ తక్కువగా ఉండటమే కాలికి సహజం. పిక్కలు రెండు నెలల్లో అలవాటు పడతాయి. నేను 4 మిల్లీమీటర్ల డ్రాప్‌తో మన్ననూరు అడవి దారుల్లో పరుగెడుతున్నాను, మోకాళ్ల నొప్పి పోయింది. పాతదానికి వెనక్కి వెళ్లకండి అన్నా.

మిర్యాలగూడ ఫిజియో

మీ మోకాళ్లకు మేలు జరగడం సంతోషం. అయితే మీకు మోకాలి బాధ ఉండేది, దానికి డ్రాప్ తగ్గించడం పనిచేసింది. పానగల్ కట్ట గారికి మోకాళ్లలో ఏ బాధా లేదు, ఆరేళ్లు గాయం లేకుండా పరుగెత్తారు. బాగున్న కాలిని మార్చడానికి కారణం కావాలి కదా! నలభై దాటినవారిలో మడమ నరం గాయమైతే నయం కావడానికి నెలలు పడుతుంది. మారాలనుకున్నా వారానికి ఒక్క చిన్న పరుగుతో మొదలుపెట్టి మెల్లగా పెంచాలి. మొదటి వారమే ఇరవై కిలోమీటర్లు తగదు.

నల్లమల దారి

మీరు చెప్పింది ఒప్పుకుంటాను మేడం. నేను మారడానికి నాలుగు నెలలు తీసుకున్నాను, ఆ మాట రాయకపోవడం పొరపాటు.

ఒక సంగతి మాత్రం కచ్చితంగా చూసుకోండి, అడుగున రబ్బరు. ఇప్పుడు వచ్చే తేలిక బూట్లలో చాలావాటికి అడుగున రబ్బరు మడమ దగ్గర కాస్త, ముందు కాస్త అతికించి మిగతా ఫోమ్ తెరిచి వదిలేస్తారు. బరువు తగ్గించడానికి. తారు మీదకు ఇబ్బంది లేదు. మన మొరం మీద ఆ ఫోమ్ పెచ్చులు పెచ్చులుగా లేస్తుంది. పల్లేరు కాయ ఫోమ్‌లో గుచ్చుకుంటే తల విరిగి ముల్లు లోపలే ఉంటుంది. సర్కారు తుమ్మ ముల్లయితే మెత్తని అట్టలో నుంచి ఏకంగా పాదానికే తగులుతుంది. చెరువు కట్టలన్నీ సర్కారు తుమ్మే కదా. పరుగు అయ్యాక అడుగు భాగం తిప్పి చూసి, పట్టకారుతో ముళ్లు తీయడం నాకు స్నానం కన్నా ముందు చేసే పని.

పానగల్ కట్ట

నిన్న సాయంత్రం కోశాను. హాక్సా బ్లేడుతో ముప్పావు గంట పట్టింది. ఫోమ్ సులువుగానే తెగింది, మడమ వెనక గట్టి ప్లాస్టిక్ దగ్గర బ్లేడు ఇరుక్కుని రెండు పళ్లు పోయాయి. లోపలి మెత్త తీసేసి స్టీలు స్కేలుతో కొలిచాను. మడమ దగ్గర 31 మిల్లీమీటర్లు, ముందు 22. అంటే డ్రాప్ 9.

కోసిన ముఖాన్ని వెలుతురుకు పెట్టి చూస్తే, ఆరేళ్లలో నేను గమనించనివి కనిపించాయి. ముందుపాదం గుండ్రని భాగం కింద ఫోమ్‌లో సన్నని గీతలు, ఒకదాని మీద ఒకటి, పాత పుస్తకం అంచులా. బొటనవేలితో నొక్కితే అక్కడ రాయిలా ఉంది. రెండంగుళాలు వెనక్కి, కాలు పెద్దగా ఆననిచోట నొక్కితే ఇప్పటికీ మెత్తగా లోపలికి పోతోంది. మడమ వెలుపలి అంచున రబ్బరు ఒక మిల్లీమీటరు మిగిలింది, లోపలి అంచున నాలుగు ఉంది. నాకు నచ్చింది మెత్తదనం అనుకునేవాడిని. ఈ జతను చివరి రెండు వందల కిలోమీటర్లు మెత్తదనం లేకుండానే వాడాను, అయినా హాయిగానే ఉంది. అంటే నా కాలు కోరుకునేది వెడల్పు, మడమ పట్టు.

పాదం కూడా గీశాను. కుడి పాదం పొడవు 26.3 సెంటీమీటర్లు, వెడల్పు 10.6. ఎడమది రెండు మిల్లీమీటర్లు చిన్నది. కొత్త బూటు లోపలి మెత్త తీసి కాగితం మీద పెడితే చిటికెన వేలి దగ్గర నా గీత మెత్త దాటి బయటికి వచ్చింది. బొబ్బ సరిగ్గా అక్కడే.

మిర్యాలగూడ ఫిజియో

ఇంత ఓపికగా కొలిచినవారిని చూడలేదు. మడమ వెలుపల అరుగుదల చూసి కంగారు పడవద్దు, చాలామంది మడమ వెలుపలి అంచు మీదే దిగుతారు. ఆ రబ్బరు అరిగినందువల్ల 9 వచ్చి ఉండవచ్చు, కొత్తగా ఉన్నప్పుడు అది 10 అయి ఉండవచ్చు. ఒక్కసారిగా 9, 10 నుంచి 6కు దిగి, వారానికి ఇరవై కిలోమీటర్లు పరుగెత్తారు. పిక్కలు పట్టేయడానికి ఇంకేం కావాలి? 8 నుంచి 10 మధ్య డ్రాప్, 2ఈ వెడల్పు వెతకండి. ఇకపై ఒక జత 700, 800 కిలోమీటర్లు దాటితే మార్చేయండి.

దేవరకొండ అభ్యర్థి

అన్నలకు, అక్కలకు నమస్కారం. మధ్యలో అడుగుతున్నందుకు మన్నించండి. కానిస్టేబుల్ పరీక్షకు సిద్ధమవుతున్నాను. నా దగ్గర 1500 రూపాయలే ఉన్నాయి. డ్రాప్, 2ఈ ఇవన్నీ నాకు అవసరమా? కాలేజీ మైదానంలో మట్టి మీద ప్రాక్టీసు.

పాలమూరు పీడీ

బాబూ, మన్నింపు ఎందుకు, అందరికన్నా నీకే ఈ చర్చ అవసరం.

2022 నోటిఫికేషన్‌లో మగవారికి 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో, ఆడవారికి 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో పెట్టారు. 400 మీటర్ల ట్రాక్ మీద నీకు నాలుగు రౌండ్లు, రౌండుకు 108 సెకన్లకు కాస్త పైన. దీనికి ఎత్తయిన మెత్తని అట్ట అక్కరలేదు. పలచగా, తేలికగా, మధ్యలో మెలితిప్పితే తిరగకుండా, వేళ్ల దగ్గర మాత్రమే వంగే బూటు చూడు. కొట్లో చేత్తో వంచి చూడు. నట్టనడుమ మడత పడేది వద్దు. మన దేశపు కంపెనీల్లో నీ ధరకు ఇలాంటివి దొరుకుతాయి. 1500లో 1300 బూటుకు, మిగిలింది రెండు జతల మంచి సాక్సుకు పెట్టు. నూలు సాక్సు చెమటకు తడిసి బొబ్బలు తెస్తుంది, పాలిస్టర్ కలిసినది తీసుకో.

పరీక్ష రోజు కొత్త బూట్లు వేసుకోవద్దు. నా కళ్ల ముందే ఒక కుర్రాడు, ఏడాది కష్టపడినవాడు, ముందురోజు కొన్న బూట్లతో వచ్చి మూడో రౌండులో మడమ చర్మం ఊడి ఆగిపోయాడు. వాళ్ల నాన్న ట్రాక్ కంచె బయట నిలబడి చూస్తున్నాడు. ఇప్పటికీ కళ్లలో మెదులుతుంది. కనీసం మూడు వారాలు వాడిన జతతోనే వెళ్లు.

గడియారం సెంటర్ చెప్పుల కొట్టు

దేవరకొండ తమ్ముడికి ఒక మాట. 2025 సెప్టెంబరు 22 నుంచి 2500 రూపాయల వరకు జతకు జీఎస్టీ 5 శాతమే, ఆపైన 18. ధర చీటీ చూసి అడుగు. పేరున్న కంపెనీ గుర్తు వేసిన ఫస్ట్ కాపీ బూట్లు అదే ధరకు బజారులో వస్తాయి, వాటి జోలికి పోవద్దు. పైకి బాగానే కనిపిస్తాయి, లోపల ఫోమ్ చవకరకం, నెల తిరిగేసరికి చప్పబడుతుంది. అదే డబ్బుకు సొంత పేరుతో అమ్మే మన కంపెనీ బూటు నయం.

మన్యంకొండ మెట్లు (మహబూబ్‌నగర్)

పానగల్ కట్ట గారూ, పాత మోడల్ ఆన్‌లైన్‌లో ఎక్కడో మిగిలి ఉంటుందని వెతుకుతున్నారేమో, నా అనుభవం వినండి. నాకు నచ్చిన మోడల్ ఆపేస్తున్నారని తెలిసి ఒకేసారి మూడు జతలు కొని దాచాను. మా ఇంటి అటక రేకుల కిందే ఉంటుంది. పాలమూరు ఎండలు మీకు చెప్పక్కరలేదు. మూడో జత రెండున్నరేళ్ల తరువాత తీసి, మన్యంకొండ గుట్ట ఎక్కి దిగుతుంటే, మూడో మలుపులో కుడి బూటు అడుగు అట్ట ముందు నుంచి నాలుకలా ఊడి వేలాడింది. కంపెనీ తప్పు కాదు, అటక వేడికి జిగురు చచ్చిపోయింది. ఎడమది ఊడలేదు కానీ ఫోమ్ చెక్కలా అయింది. ఒక చేతిలో బూటు పట్టుకుని కింద దాకా నడిచి వచ్చాను. పాత నిల్వ కొంటే ఒక్క జతే కొనండి, కొన్నవెంటనే వాడండి, చల్లని గదిలో పెట్టండి.

మడమ జారడం గురించి కూడా ఒక మాట. వెడల్పు బూటు తీసుకుంటే ఒక్కోసారి మడమ దగ్గర వదులవుతుంది. అన్నిటికన్నా పైన ఒక అదనపు రంధ్రం ఉంటుంది, చాలామంది వాడరు. లేసును అదే వైపు ఆ రంధ్రంలోకి దూర్చి చిన్న ఉచ్చు చేసి, అవతలి వైపు లేసును ఆ ఉచ్చులోంచి తీసి బిగించండి. మడమ కదలదు. గుట్ట దిగేటప్పుడు వేళ్లు ముందుకు గుద్దుకోవు, గోళ్లు నల్లబడవు. నాకు ఈ ముడి నేర్పినవారికి ఇప్పటికీ దణ్ణం పెట్టుకుంటాను.

షాద్‌నగర్ స్టేషన్

ఆ ముడి ఈ ఉదయం వేసుకుని చూశాను. ఇన్నేళ్లూ ఆ రంధ్రం ఎందుకుందో తెలియదు. ధన్యవాదాలు అక్కా.

పానగల్ కట్ట

నెలకు పైగా రాయలేదు. మొదటి పదిహేను రోజులు పిక్కలకు విశ్రాంతి ఇచ్చి నడక మాత్రమే చేశాను.

ఆ తరువాతి ఆదివారం హైదరాబాద్ వెళ్లాను. పాదం గీసిన కాగితం, కోసిన సగం బూటు సంచిలో వేసుకున్నాను. మొదటి కొట్లో 2ఈ అంటే ఏమిటని నన్నే అడిగారు. మూడో కొట్లో ఒక అమ్మాయి కాగితం చేతికి తీసుకుని, మెత్తలు బయటికి తీసి గీత మీద పెట్టి చూడటం మొదలుపెట్టింది. అయిదు జతలు చూశాం. గీత లోపల ఇమిడినవి రెండే. అందులో ఒకటి మడమ దగ్గర వదులు. రెండోది ఏసిక్స్ జెల్-క్యుములస్, 2ఈ వెడల్పు, డ్రాప్ 8. సాయంత్రం ఆరు గంటలకు, నేను వాడే సాక్సుతోనే వేసుకుని కొట్టు ముందు వీధి చివరి దాకా పరుగెత్తి వచ్చాను. చిటికెన వేలు ఎక్కడా తగల్లేదు.

పాతదానిలా ఉందా అంటే లేదు. ఇది ఇంకా మెత్తన, నేల తగలడం పాతదానిలో తెలిసినంత తెలియడం లేదు. మొదటి రెండు రోజులు అది వెలితిగానే అనిపించింది. వారానికి రెండు పరుగులు దీనితో, ఒకటి ఏడో జతతో చేస్తున్నాను. ఇప్పటికి 46 కిలోమీటర్లయింది, బొబ్బ లేదు, పిక్కలు మామూలే. మన్యంకొండ గారు చెప్పిన ముడి వేస్తున్నాను. నిన్న కట్ట దిగాక అడుగు తిప్పి చూస్తే రబ్బరులో మూడు పల్లేరు కాయలు ఉన్నాయి, పట్టకారుతో తీశాను, ఒక్కటీ లోపలికి దిగలేదు.

బొబ్బ తెచ్చిన ఆ జత మా తమ్ముడికి ఇచ్చాను. వాడి పాదం సన్నం. వాడికి అది ఎంత బాగా కుదిరిందంటే, ఇప్పుడు వాడూ ఉదయం వస్తున్నాడు.

దేవరకొండ అభ్యర్థి

పీడీ సార్, 1250కి బూట్లు కొన్నాను. మధ్యలో మెలితిప్పి చూశాను, తిరగలేదు. నిన్న 1600 మీటర్లు 7 నిమిషాల 31 సెకన్లు వచ్చింది. పోయిన నెల 7:52.

పాలమూరు పీడీ

ఇంకా 16 సెకన్లు. రౌండుకు నాలుగు. ఈ వారం 400 మీటర్లు అయిదు సార్లు, ఒక్కోటి 105 సెకన్లలో, మధ్యలో రెండు నిమిషాల నడక. సమయాలన్నీ రాసి ఇక్కడ పెట్టు, చూస్తాను.